యుద్ధ తంత్రాలకి గేమ్ థియరీ నిజంగా పనికొస్తుందా? ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌గా తీసుకోవచ్చా?

నాయనా, నువ్వు అడిగింది ఇదీ కదా: తిరుపతిలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనల్ ఇయర్, ప్రాజెక్ట్‌కి మిలిటరీ టాక్టిక్స్‌లో గేమ్ థియరీ (ఎదుటివాడు ఏం చేస్తాడో కూడా లెక్కలో పెట్టుకుని మన ఎత్తు తేల్చే లెక్క) అనుకున్నావు, మీ గైడేమో ఇది హిస్టరీ సబ్జెక్ట్ అంటున్నారు, ఫ్రెండ్సేమో ఇవన్నీ పుస్తకాల్లో లెక్కలు, ఏ జనరలైనా టేబుల్ గీసుకుని యుద్ధం చేస్తాడా అని నవ్వుతున్నారు, మరి నిజం ఏంది, యాడ మొదలుపెట్టాలి అని. నేను ఎయిర్‌ఫోర్స్‌లో సర్వీస్ చేసి రిటైరై వచ్చి ఈ ఊర్లోనే పిల్లలకి ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్, నిర్ణయాల్ని లెక్కలతో తేల్చే సబ్జెక్ట్) చెప్తున్నా, రెండు వైపులా కొంచెం తెలుసు కాబట్టి పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

పనికొస్తుంది, వాడారు కూడా. కాకపోతే నువ్వు అనుకునే చోట కాదు. చానామంది పిల్లలు మ్యాట్రిక్స్ (ఇద్దరి ఎత్తులకీ ఫలితాలు రాసిన టేబుల్) ఇస్తే గ్రాఫికల్ మెథడో సింప్లెక్సో వేసి సాల్వ్ చేయడమే గేమ్ థియరీ అనుకుంటారు, అది పది నిమిషాల పని, ఇప్పుడైతే కంప్యూటర్ చేసి పెడుతుంది. అసలు కష్టం ఆ మ్యాట్రిక్స్ రాయడంలో ఉంది. శత్రువుకి ఏమేం దారులున్నాయి, నాకేమున్నాయి, ఒక్కో జతకి ఫలితం ఎంత, ఆ ఫలితాన్ని ఏ కొలతలో కొలవాలి, అసలు ఎదురుగా ఆడేది ఎవరు. మీ గైడ్‌కి హిస్టరీలా కనిపిస్తున్న భాగం ఇదే, నన్నడిగితే మ్యాథ్స్ వాడికి కావాల్సిన తెలివి కూడా ఇక్కడే ఉంది. నీ ప్రాజెక్ట్ మొత్తం దీని చుట్టూ కట్టు, ఆయనే ఒప్పుకుంటారు.

ముందు ఒక తేడా తెలుసుకో. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో సముద్రం మీద కాపలా కాసే విమాన దళం కోస్టల్ కమాండ్‌లో సైంటిస్టులు ఒక చిన్న మార్పు చెప్పారు, విమానం నుంచి సబ్‌మెరైన్ మీద వేసే డెప్త్ ఛార్జ్ 100 అడుగుల లోతులో పేలేట్టు సెట్ చేసి ఉండేది, దాన్ని 25 అడుగులకి తగ్గించమన్నారు. ఎందుకంటే పైలట్‌కి సబ్‌మెరైన్ కనపడేది అది నీళ్ళ మీద ఉన్నప్పుడో అప్పుడే మునుగుతున్నప్పుడో, లోతుకి పోయిన దాన్ని ఎట్లాగూ గురి పెట్టలేరు. ఇది అద్భుతమైన ఓఆర్, కానీ గేమ్ కాదు, ఇందులో శత్రువు ఆలోచించి జవాబివ్వడం లెక్కలో లేదు. అదే సముద్రం మీద ఇంకో కథ చూడు. విమానాల్లో రాడార్ పెడితే జర్మన్లు 1942లో మెటాక్స్ అనే రిసీవర్ బిగించి ఆ రాడార్ సిగ్నల్‌ని దూరం నుంచే పసిగట్టి మునిగిపోవడం మొదలుపెట్టారు, దానికి జవాబుగా 1943 మొదట్లో బ్రిటన్ వాళ్ళు 10 సెంటీమీటర్ల తరంగాలకి మారారు, మెటాక్స్‌కి అవి వినపడవు. నేనొక ఎత్తు వేస్తే దాన్ని చూసి వాడొకటి వేస్తాడు. లెక్కలో ఎదుటివాడి బుర్ర కూడా ఉండాల్సి వచ్చినప్పుడే గేమ్ థియరీ అవసరం పడుతుంది, అది లేని చోట ఊరికే ఆ పేరు తగిలించొద్దు.

ఈ థియరీకి గణితజ్ఞులు బొరెల్ 1921లో, ఫాన్ నాయ్‌మన్ 1928లో పునాది వేశారు, 1944లో ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ పెద్ద పుస్తకం వచ్చింది, యుద్ధం అయ్యాక అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో షాప్లీ, బ్లాక్‌వెల్, ఐజాక్స్ లాంటి వాళ్ళు కూర్చుని అచ్చంగా మిలిటరీ సమస్యల మీదే పనిచేశారు. హిస్టరీ ఇంత చాలు, ఇంట్రడక్షన్‌లో ఒక పేజీ దాటనీకు.

ఇప్పుడు అందరూ చెప్పే ఉదాహరణ, బిస్మార్క్ సీ యుద్ధం. దీన్ని అమెరికన్ ఆఫీసర్ హేవుడ్ 1954లో పేపర్‌గా రాశాడు, దాదాపు ప్రతి ఓఆర్ పుస్తకంలో వస్తుంది కానీ సగమే చెప్తారు. 1943 ఫిబ్రవరి చివర, జపాన్ వాళ్ళు రబౌల్ నుంచి న్యూగినియాలోని లే అనే చోటికి ఓడల్లో సుమారు 6,900 మంది సైనికుల్ని పంపాలి. మధ్యలో న్యూబ్రిటన్ అని పొడుగాటి దీవి ఉంది, దానికి ఉత్తరం వైపు నుంచైనా పోవచ్చు, దక్షిణం వైపు నుంచైనా పోవచ్చు, ఎట్లా పోయినా మూడు రోజులే. ఉత్తరాన వానా మబ్బూ, ఏమీ కనపడదు. దక్షిణాన ఆకాశం తేటగా ఉంది. ఇటు అమెరికన్ జనరల్ కెన్నీ దగ్గర వెతికే విమానాలు రెండు వైపులకీ సరిపడా లేవు, ఎక్కువ భాగం ఏదో ఒక వైపే పెట్టాలి.

ఫలితాన్ని బాంబులు వేయడానికి దొరికే రోజుల్లో కొలిచాడు హేవుడ్. కెన్నీ ఉత్తరాన వెతికి ఓడలూ ఉత్తరానే పోతే మబ్బు వల్ల ఒక రోజు పోతుంది, 2 రోజులు దొరుకుతాయి. ఉత్తరాన వెతికితే ఓడలు దక్షిణాన పోయినా 2 రోజులే. దక్షిణాన వెతుకుతుంటే ఓడలు ఉత్తరాన పోతే 1 రోజు. దక్షిణాన వెతికి ఓడలూ దక్షిణానే వస్తే మొత్తం 3 రోజులు. ఇప్పుడు జపాన్ కమాండర్ వైపు నుంచి చూడు. ఉత్తరం పోతే 2 లేదా 1, దక్షిణం పోతే 2 లేదా 3, కాబట్టి ఉత్తరం పోవడం ఏ రకంగానూ నష్టం కాదు. కెన్నీ వైపు చూస్తే ఉత్తరానికి కనీసం 2 గ్యారంటీ, దక్షిణానికి కనీసం 1 మాత్రమే. ఇద్దరూ ఉత్తరమే, దీన్ని శాడిల్ పాయింట్ అంటారు, ఇద్దరిలో ఎవరు ఒక్కరే ఎత్తు మార్చినా లాభం లేని గడి, ఆట వాల్యూ (ఆ గడిలో ఫలితం) 2. నిజంగా జరిగింది కూడా అదే.

పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నువ్వు ఆపొద్దు. తర్వాత ఏమైందంటే మార్చి 2 నుంచి 4 లోపల 8 రవాణా ఓడలూ మునిగాయి, కాపలా వచ్చిన 8 డిస్ట్రాయర్లలో 4 మునిగాయి, లే చేరిన సైనికులు 1,200 చిల్లర. అంటే జపాన్ కమాండర్ సరైన ఎత్తే వేశాడు, అయినా సర్వనాశనం అయ్యాడు. శాడిల్ పాయింట్‌లో ఆడటం అంటే గెలవడం కాదు, ఉన్న ఆటలో అంతకంటే మెరుగైంది లేదని మాత్రమే. ఆయన తప్పు దారి ఎంచుకోవడంలో లేదు, ఆకాశం ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు ఆ ఓడల్ని బయలుదేరదీయడంలో ఉంది, అది ఈ రెండు బై రెండు టేబుల్‌లో లేని నిర్ణయం. ఇంకోటి, ఆ మూడు రోజుల్లో అంత నాశనం జరగడానికి కారణం రోజుల సంఖ్య కాదు. విమానాలు నీళ్ళకి తాకేంత కిందికి దిగి బాంబు నీటి మీద ఎగిరెగిరి పోయి ఓడ పక్కకి తగిలేట్టు వేసే పద్ధతి, స్కిప్ బాంబింగ్ అంటారు, దాన్ని అప్పటికే ప్రాక్టీస్ చేసి ఉన్నారు, ముందు వైపు మెషీన్ గన్నులు నింపిన విమానాలు కూడా రెడీగా ఉన్నాయి. ఒక రోజుకి ఎన్ని ఓడలు మునుగుతాయి అనేది మారిపోయింది, కానీ టేబుల్‌లో పేఆఫ్ (ఫలితం) కొలత రోజులే. దానికి తోడు కోడ్ బ్రేకింగ్ వల్ల ఈ కాన్వాయ్ వస్తుందని ముందే సమాచారం ఉంది. ఈ మూడు విషయాలూ రాసి, వాటిని టేబుల్‌లోకి ఎట్లా తేవాలో ఆలోచిస్తే అదే ఒక ఛాప్టర్ అవుతుంది నీకు.

హేవుడ్ పేపర్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటి. అమెరికన్ సైన్యంలో కమాండర్‌కి నేర్పేది, శత్రువు ఏం చేస్తాడో ఊహించొద్దు, ఏం చేయగలడో లిస్టు రాసుకో, ప్రతిదానికీ నీ ప్లాన్ ఎట్లా నిలబడుతుందో చూసుకో అని. హేవుడ్ చెప్పింది ఏంటంటే ఇది అచ్చంగా మినిమాక్స్ (జరగగల అతి పెద్ద నష్టాన్ని వీలైనంత తగ్గించుకోవడం) ఆలోచనే, వాళ్ళు థియరీ పుట్టక ముందు నుంచే మాటల్లో చేస్తున్నారు అని. యూనిఫామ్ వేసుకున్నవాడెవడైనా దీన్ని గుర్తుపడతాడు. నీ ఫ్రెండ్స్ అడిగిన "జనరల్ టేబుల్ గీస్తాడా" అన్నదానికి జవాబు ఇదే, గీస్తాడు, గళ్ళలో నంబర్లు మాత్రం రాయడు.

నంబర్లు రాస్తే ఏం లాభం అంటావా, అది మిక్స్‌డ్ స్ట్రాటజీ (ఒకే ఎత్తుకి కట్టుబడకుండా, లెక్కేసిన వంతుల్లో యాదృచ్ఛికంగా ఎత్తులు మార్చడం) దగ్గర తెలుస్తుంది. మన పులి మేక ఆటలో అన్నీ బండ మీద కళ్ళ ముందే ఉంటాయి, దాపరికం లేదు, యుద్ధంలో అట్లా కాదు, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు నిర్ణయం తీసుకుంటారు, అందుకే ఎప్పుడూ ఒకే పని చేసేవాడు దొరికిపోతాడు. ఒక లెక్క చూద్దాం, ఇది నేను క్లాసులో చెప్పేదే. కొండ మీద ఉన్న పోస్టుకి కాన్వాయ్ పోవాలి. రెండు దారులు, ఒకటి దగ్గరి దారి, లోయలో ఇరుకుగా పోతుంది. ఇంకోటి చుట్టు దారి, మైదానం. శత్రువు దగ్గర దాక్కుని దాడి చేసే యాంబుష్ పార్టీ ఒకే ఒక్కటి ఉంది. దగ్గరి దారిలో చిక్కితే 6 బండ్లు పోతాయి, చుట్టు దారిలో చిక్కితే 2 పోతాయి, వాళ్ళు వేరే దారిలో ఉంటే ఏమీ పోదు.

దగ్గరి దారిలో పోయే అవకాశం పీ అనుకో. శత్రువు ఏ దారిలో కూర్చున్నా ఒకటే ఫలితం రావాలంటే 6పీ, 2(1−పీ) సమానం కావాలి, పీ 1/4 వస్తుంది, సగటు నష్టం 1.5 బండ్లు. శత్రువు వైపు చేస్తే వాడు కూడా దగ్గరి దారిలో 1/4 వంతే కూర్చోవాలి. పిల్లలు ఇక్కడ ఆగి అడుగుతారు, సార్, 6 బండ్లు పేల్చగలిగే చోట వాడు తక్కువ సార్లు కూర్చోవడం ఏంది అని. ఎందుకంటే అక్కడికి నువ్వు తక్కువ వస్తావు కాబట్టి. ప్రమాదం ఎక్కువున్న దారిలో కాపు తక్కువ ఉంటుంది, అట్లాగని నువ్వు ధైర్యం చేసి ఆ దారి పట్టడం పెంచితే వాడు కాపు పెంచుతాడు.

ఇప్పుడు చుట్టు దారికి ఒక ఖర్చు పెట్టు. డీజిలూ, టైమూ, అలసటా కలిపి 1 బండి నష్టంతో సమానం అనుకో. అంటే చుట్టు దారిలో చిక్కితే 3, చిక్కకపోయినా 1. నీ మనసుకి ఏం తోస్తుంది? చుట్టు దారి ఖరీదైంది కాబట్టి దగ్గరి దారి కొంచెం ఎక్కువ వాడాలి అని తోస్తుంది. లెక్క చేసి చూడు. 1+5పీ, 3−3పీ సమానం, మళ్ళీ పీ 1/4 నే! నీ మిక్స్ కదలదు. మారేది శత్రువు మిక్స్, దగ్గరి దారిలో కూర్చోవడం 1/4 నుంచి 3/8 కి పెరుగుతుంది, నష్టం 2.25 కి పోతుంది. కారణం ఏంటంటే నీ పీ పని శత్రువుని ఎటూ తేల్చుకోలేకుండా ఉంచడం, చుట్టు దారి ఖర్చు వాడు ఎక్కడ కూర్చున్నా ఒకేలా పడుతుంది కాబట్టి వాడి పోలిక మారదు. వాడికి మాత్రం నీకు దగ్గరి దారి మీద ఆశ పెరిగిందని తెలుసు, ఆ ఆశని అణచాలంటే అక్కడ కాపు పెంచాలి. ఈ ముక్క ఏ లెక్కా లేకుండా అనుభవంతో చెప్పమంటే చానామంది చెప్పలేరు, నంబర్లు రాయడం వల్ల వచ్చే లాభం ఇదీ.

ఒక్కసారే జరిగే యుద్ధంలో జనరల్ పాచికలు వేసి నిర్ణయం తీసుకోవాలా అని అడుగుతావు, అందరూ అడుగుతారు. రోజూ పోయే కాన్వాయ్, రోజూ తిరిగే ప్యాట్రోల్, వీటికి పాచికలు అక్షరాలా వర్తిస్తాయి. ఒక్కసారి జరిగే దానికి మిక్స్‌డ్ స్ట్రాటజీని శత్రువుకి నా గురించి ఎంత అనుమానం మిగలాలి అనే కొలతగా చదువుకో, నేనట్లా చదువుకుంటా.

నాకు ఇష్టమైన భాగం డ్యూయెల్స్, ర్యాండ్‌లో పుట్టినవి. ఇద్దరు ఒకరి మీదికొకరు వస్తా ఉంటారు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే గుండు, దూరం తగ్గేకొద్దీ గురి కుదిరే అవకాశం సున్నా నుంచి ఒకటి దాకా పెరుగుతుంది. తొందరపడి కాలిస్తే తప్పుతుంది, ఆలస్యం చేస్తే వాడే కాల్చేస్తాడు. ఎప్పుడు కాల్చాలి? నువ్వు కాల్చింది ఎదుటివాడికి తెలిసిపోయే రకం అనుకో, నాయిజీ డ్యూయెల్ అంటారు. నీ గుండు తప్పిందని వాడికి తెలిస్తే వాడు తొందరపడడు, తాపీగా దగ్గరికొచ్చి కాలుస్తాడు, నువ్వు పోయినట్టే. అందుకే నీ గురి అవకాశం, వాడి గురి అవకాశం కలిపి 1 అయిన క్షణంలో కాల్చాలి. ఇద్దరూ సమానమైతే సరిగ్గా 1/2 దగ్గర. ఒక్క క్షణం ముందైతే ఆగడమే మేలు, ఒక్క క్షణం దాటితే ఆగడమే చేటు.

అదే, కాల్చిన సంగతి ఎదుటివాడికి తెలియకపోతే సైలెంట్ డ్యూయెల్. ఇప్పుడు ఒక నిర్ణీత క్షణం అంటూ ఉండదు, ఉంటే దానికి కాస్త ముందు వాడు కాలుస్తాడు. గురి నేరుగా సమయంతో పెరుగుతా ఉంటే జవాబు ఇట్లా వస్తుంది: 1/3 దాటే దాకా కాల్చొద్దు, ఆ తర్వాత యాదృచ్ఛికంగా, కానీ మొదటి వైపు ఎక్కువ బరువు పెట్టి కాల్చు. అంటే సమాచారం తగ్గితే ఇద్దరూ ముందే కాల్చడం మొదలుపెడతారు. గాలిలో మిసైల్ ఎప్పుడు వదలాలి అన్నప్పుడు, ఎదుటి విమానానికి నా లాంచ్ తెలుస్తుందా లేదా అన్నది ఎందుకంత ముఖ్యమో ఈ రెండు నంబర్లు చెప్తాయి. నాయిజీది నువ్వే ప్రూఫ్ రాయగలవు, సైలెంట్‌ది డెన్సిటీ ఇంటిగ్రల్ పెట్టి రాబట్టాలి, 1/3 నుంచి 1 దాకా 1/(4టీ క్యూబ్) అని వస్తుంది (టీ అంటే సమయం), ఎమ్మెస్సీ స్థాయికి సరిగ్గా సరిపోయే మ్యాథ్స్. మీ గైడ్‌కి ముందు ఇది చూపించు. ఐజాక్స్ డిఫరెన్షియల్ గేమ్స్, తరుముకునే మిసైల్, తప్పించుకునే విమానం లెక్కలు, ఇంకా అందంగా ఉంటాయి కానీ ఒక సెమిస్టర్‌లో అవి పెట్టుకుంటే మునుగుతావు, వదిలెయ్.

ఇంకోటి చాలామంది కలిపేస్తారు, లాంచెస్టర్ లెక్క, రెండు సైన్యాలు తలపడితే ఎవరు ఎంతమంది మిగులుతారో చెప్పేది. 1916 నాటిది, అది గేమ్ థియరీ కాదు, కానీ గేమ్ టేబుల్‌లో నంబర్లు నింపడానికి పనికొస్తుంది. అందరూ అందరి మీదా గురి పెట్టి కాల్చగలిగితే బలం సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో పెరుగుతుంది. సమాన నాణ్యతతో 1,000 మంది 800 మందితో తలపడితే, 800 మంది అయిపోయేసరికి ఇటు 600 మంది మిగులుతారు. ఇప్పుడు 1,000 మంది 1,200 మందితో ఒకేసారి తలపడితే ఓడిపోతారు, అటు 663 మంది మిగులుతారు. కానీ ఆ 1,200 మంది 600 చొప్పున రెండు ముక్కలై విడివిడిగా దొరికితే? మొదటి 600 ని ముగించేసరికి 800 మిగులుతారు, రెండో 600 ని ముగించేసరికి 529 మిగులుతారు. అదే సైన్యం, అదే శత్రువు, ఫలితం తలకిందులు.

దీనికి ఎక్కడో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధం దాకా పోనక్కర్లేదు, మనకి దగ్గర్లోనే ఉంది, కాంచీపురం పక్కన పొల్లిలూర్. 1780 సెప్టెంబర్. హైదర్ అలీ మీదికి ఈస్టిండియా కంపెనీ సైన్యం రెండు ముక్కలుగా ఉంది, మన్రో పెద్ద భాగంతో కాంచీపురంలో, బెయిలీ సుమారు 2,800 మందితో గుంటూరు నుంచి దిగుతా వస్తున్నాడు. ఇద్దరూ కలిస్తే హైదర్‌కి కష్టం. బెయిలీని కొసస్తలయ్యారు వరద కొన్నాళ్ళు ఆపేసింది, మన చిత్తూరు జిల్లాలో కుశస్థలి అంటామే అదే. హైదర్ తాను మన్రో ఎదురుగా ఉండి, కొడుకు టిప్పుని బెయిలీ మీదికి పంపాడు. 6వ తేదీన పేరంబాకం దగ్గర మొదటి దెబ్బ, అప్పుడు బెయిలీ నిలబడ్డాడు. మన్రో చేయగలిగినవి మూడు: మొత్తం సైన్యంతో బెయిలీ దగ్గరికి పోవడం, కాంచీపురంలోనే ఉండటం, కొంతమందిని పంపడం. ఆయన మూడోది చేశాడు, ఫ్లెచర్ వెంట సుమారు 1,000 మందిని పంపాడు. దానివల్ల బెయిలీ చాలినంత పెరగలేదు, మన్రో మాత్రం తగ్గాడు. 9వ తేదీ రాత్రి హైదర్ మన్రో ముందు నుంచి జారుకుని పోయి టిప్పుతో కలిశాడు, 10న బెయిలీ సైన్యం మొత్తం పోయింది, మందుగుండు బండ్లు పేలిపోయాయి, బెయిలీ ఖైదీ అయ్యాడు. మన్రో కాంచీపురం గుడి కోనేట్లో పెద్ద ఫిరంగుల్ని పడేసి మద్రాసు వైపు వెనక్కి పోయాడు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఈ యుద్ధం బొమ్మ ఉంది, పోతే తప్పక చూడు. రెండేళ్ళ తర్వాత హైదర్ చనిపోయింది కూడా మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే, 1782 డిసెంబర్ 7న.

మూడు ఎత్తులు మన్రోకి, రెండు ఎత్తులు హైదర్‌కి (మన్రో ఎదురుగానే ఉండటం, బెయిలీ మీదికి పోవడం), లాంచెస్టర్‌తో గళ్ళు నింపు, కొంతమందిని మాత్రమే పంపడం ఎట్లా చెడ్డదో నీకే కనపడుతుంది. కానీ ఒక జాగ్రత్త, వర్గం లెక్క బయలు ప్రదేశానికి, అందరికీ గురి దొరికినప్పుడు. ఇరుకు కనుమలో ముందున్న నలుగురే తలపడతారు, వెనకున్న వందమంది ఊరికే నిలబడతారు, అక్కడ బలం సంఖ్యతో నేరుగా పోతుంది, వర్గంతో కాదు. పొల్లిలూర్‌కి ఏది వేశావో, ఎందుకు వేశావో రాయకపోతే వైవాలో పట్టుకుంటారు.

ఎదురుగా ఆడేది ఎవరు అన్న ప్రశ్న వదిలేశా. హేవుడ్ రెండో ఉదాహరణ 1944 ఆగస్ట్ అవ్రాంచ్, ఫ్రాన్స్‌లో. అమెరికన్ సైన్యం సముద్రం పక్క ఇరుకు సందులోంచి బయటికి వచ్చింది, వాళ్ళ జనరల్ బ్రాడ్లీ దగ్గర రిజర్వ్ ఉంది, దాన్ని సందు కాపలాకి పెట్టాలా, తూర్పుకి పంపాలా, ఒక రోజు ఆగి చూడాలా. జర్మన్ జనరల్ క్లూగె దాడి చేయాలా, వెనక్కి పోవాలా. క్లూగె వెనక్కి పోదామనే అనుకున్నాడు. దూరంగా కూర్చున్న హిట్లర్ దాడి చేయమన్నాడు. సందు నిలబడింది, బ్రాడ్లీ ఆపి ఉంచిన రిజర్వ్ కదిలింది, జర్మన్లు ఫలేజ్ దగ్గర చుట్టుముట్టబడ్డారు. టేబుల్‌లో పేరు క్లూగెది, ఎత్తు వేసిన చెయ్యి వేరే. ఆటగాడిని తప్పుగా గుర్తిస్తే నువ్వు ఎంత బాగా సాల్వ్ చేసినా నీ ఎదురుగా లేనివాడితో ఆడుతున్నట్టే.

ఇక నీ ప్రాజెక్ట్. నా సలహా, యుద్ధం ఉదాహరణలు రెండు ఛాప్టర్లు పెట్టి మూడోది మన శేషాచలం మీద పెట్టు. ఎర్రచందనం దొంగరవాణా మీద టాస్క్‌ఫోర్స్ మన తిరుపతి కేంద్రంగానే పనిచేస్తుంది, అడవి పెద్దది, ప్యాట్రోల్ పార్టీలు తక్కువ, ఇది అచ్చంగా కాన్వాయ్, యాంబుష్ లెక్కే తిరగేసి. ఒకే తేడా, దొంగ ముందు కొన్ని రోజులు గమనించి ఆ తర్వాత కదులుతాడు, అంటే ఇద్దరూ ఒకేసారి ఆడటం లేదు, నువ్వు ముందు, వాడు తర్వాత, దీన్ని స్టాకెల్‌బర్గ్ గేమ్ అంటారు. ఇది కాగితం మీది మాట కాదు, కంప్యూటర్ సైంటిస్ట్ మిలింద్ తాంబే టీమ్ 2007లో లాస్ ఏంజలెస్ ఎయిర్‌పోర్ట్‌లో చెక్‌పోస్టులు ఎప్పుడెక్కడ పెట్టాలో ఇట్లానే యాదృచ్ఛికంగా వేయించింది, తర్వాత బోస్టన్ హార్బర్‌లో కోస్ట్‌గార్డ్ ప్యాట్రోల్‌కి, ఉగాండా అడవుల్లో వేటగాళ్ళని ఆపే ప్యాట్రోల్‌కి కూడా వాడారు.

చిన్న లెక్కతో మొదలుపెట్టు. మూడు దారులు, దొరక్కుండా పోతే దొంగకి లాభం 6, 4, 3. దొరికితే సున్నా. నీ దగ్గర ఒకే పార్టీ. మూడు దారులూ వాడికి సమానంగా ఆకర్షణ లేకుండా చేయాలి, లెక్కేస్తే 5/9, 1/3, 1/9 వంతులు వస్తాయి, వాడికి ఎటు పోయినా 8/3 మించదు. 1/9 చూసి ఆ దారి వదిలేద్దాం అనిపిస్తుంది, వదిలితే వాడికి అక్కడ పూర్తి 3 దొరుకుతుంది.

డేటా దొరికితే ఒకటి గుర్తుపెట్టుకో, దుంగలు పట్టుబడిన చోట్లు అంటే దొంగలు తిరిగిన చోట్లు కాదు, ప్యాట్రోల్ తిరిగిన చోట్లలో దొంగలు తిరిగినవి మాత్రమే. పోని చోట ఏమి జరిగిందో రికార్డులో ఉండదు. ఇంకోటి, నిజమైన బీట్ పేర్లు, ప్యాట్రోల్ టైమింగులు ప్రాజెక్ట్‌లో వేయొద్దు, దారి 1, దారి 2 అని రాయి చాలు.

ఆటగాడు ఎవరు అన్నది ఇక్కడ ఇంకా బరువైన ప్రశ్న. 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లో కాల్పుల్లో 20 మంది చనిపోయారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. చెట్టు నరికే కూలీకీ, వెనకుండి డబ్బు పెట్టేవాడికీ పేఆఫ్ ఒకటి కాదు. పట్టుబడితే నష్టం కూలీది, లాభం ఇంకొకడిది. ఇద్దర్నీ ఒకే దొంగ అని ఒక వరుసలో రాసి సాల్వ్ చేస్తే నీ జవాబు కూలీ మీద భారం పెంచమని చెప్తుంది, వెనకున్నవాడు ఇంకో కూలీని పంపుతాడు, వాడి లెక్క మారదు. ముగ్గురు ఆటగాళ్ళతో రాయడం కష్టమే, అయినా ప్రయత్నించు, కనీసం ఎందుకు రెండు వరుసలు వేరు చేశావో ఒక పేజీ రాయి. నాకు ఈ పేజీ మిగతా అంతటికంటే ముఖ్యం.

పనిముట్లకి ఎక్సెల్ సాల్వర్ చాలు, పైథాన్ వస్తే నాష్‌పై అని లైబ్రరీ ఉంది. ప్రతి టేబుల్‌కీ ఒక పని తప్పనిసరిగా చెయ్యి, నువ్వు ఊహించి పెట్టిన ప్రతి నంబర్‌నీ ఒక్కొక్కటిగా మార్చి జవాబు ఎంత కదులుతుందో చూడు. పైన కాన్వాయ్ లెక్కలో, ఖర్చు పెట్టిన దాంట్లో, 6 ని 4 చేస్తే పీ 1/3 అవుతుంది, శత్రువు కాపు 1/2 అవుతుంది, నష్టం 2 కి దిగుతుంది. ఖర్చు 1 ని 1.5 చేస్తే పీ కదలదు. ఏ నంబర్ కదిపితే నీ నిర్ణయం మారుతుందో, దేనికి మారదో రెండు కాలమ్స్‌గా రాసుకుని ముందు అది గైడ్‌కి చూపించు, సినాప్సిస్ తర్వాత రాద్దువు.